తోడు పెళ్ళికొడుకా, వారసుడా?

మన పెళ్ళిళ్ళలో తోడు పెళ్ళికొడుకని ఒక కుర్రాడుంటాడు. వాడికీ ఒక పట్టు లాల్చీ తొడిగి, బుగ్గన చుక్క పెట్టి, ఊరేగింపులో పెళ్ళికొడుకు పక్కన కూర్చోబెడతారు. వాడు ఏం చదివాడని గాని, వాడికేం పని వచ్చునని గాని ఎవరూ అడగరు. చూడటానికి ముచ్చటగా ఉంటే చాలు. ముహూర్తం వేళకు వాడు ఏ పిన్నిగారి ఒళ్ళోనో నిద్రపోతుంటాడు. దానివల్ల ఎవరికీ నష్టం లేదు.

ఈ అమెరికా దేశంలో నాలుగేళ్ళకొకసారి అధ్యక్ష అభ్యర్థి తన పక్కన నిలబెట్టుకోవటానికి ఒక ఉపాధ్యక్ష అభ్యర్థిని వెతుక్కుంటాడు. ఇక్కడి వాళ్ళు రన్నింగ్ మేట్ అంటారు. ఆ వెతుకులాట తీరు చూస్తే మాకు తోడు పెళ్ళికొడుకే గుర్తుకొస్తాడు. ఏ రాష్ట్రం మనిషి? ఏ మతం? వయసెంత? పెద్దాయన పక్కన ఫొటోలో ఎలా ఉంటాడు? ఏ వర్గం అలక తీరుతుంది? అడిగే ప్రశ్నలన్నీ ఇవే. అడగవలసిన ప్రశ్న మాత్రం చిట్టచివర, అదీ మొక్కుబడిగా వస్తుంది. పెళ్ళికొడుకు పీటల మీద కూలిపోతే, ఈ పక్కన కూర్చున్న మనిషి ఆ క్షణం నుంచి సంసారం నడపగలడా?

ఈ ఒక్క ప్రశ్నను మొదటికి తెచ్చి మిగిలిన వాటిని వెనక్కి నెట్టాలని మా వాదం. పార్టీల వాళ్ళు ఆ పని చేయటం లేదు. మన తెలుగువాళ్ళం అసలే చేయటం లేదు. ఈ రెండు ఫిర్యాదులూ ఈ వ్యాసంలో ఉన్నాయి. రెండోది చదివి కొందరికి కోపం వస్తే రానివ్వండి.

ముందు లెక్క చూద్దాం. మేము వైద్య వృత్తిలో ఉన్నవాళ్ళం. జబ్బు పేరు కంటే ముందు అది ఎందరిలో ఎందరికి వస్తుందని అడగటం మాకు అలవాటు. 1789 నుంచి 2025 దాకా ఈ దేశానికి అధ్యక్షులైన వ్యక్తులు 45 మంది. వారిలో 8 మంది పదవిలో ఉండగానే పోయారు. హారిసన్, టేలర్, హార్డింగ్, ఫ్రాంక్లిన్ రూజ్వెల్ట్ జబ్బు చేసి పోయారు. లింకన్, గార్ఫీల్డ్, మెకిన్లీ, కెనెడీ తుపాకి గుళ్ళకు బలయ్యారు. తొమ్మిదో మనిషి నిక్సన్ 1974లో రాజీనామా చేశాడు. అంటే 45 మందిలో 9 మంది మధ్యలోనే కుర్చీ ఖాళీ చేశారు. ఐదుగురిలో ఒకరన్నమాట. ఒక ఆపరేషన్‌లో ఐదుగురిలో ఒకరికి గుండె ఆగుతుందని తెలిస్తే, దానికి కావలసిన సరంజామా పక్కన పెట్టుకోకుండా ఏ సర్జనైనా కత్తి పట్టుకుంటాడా? పట్టుకుంటే మనం ఊరుకుంటామా?

“అదంతా పాత సంగతి, 1974 తరువాత అలా ఎవరికీ జరగలేదు కదా” అనేవారున్నారు. 1981 మార్చి 30న రీగన్‌కు తగిలిన గుండు గుండెకు దాదాపు అంగుళం దూరంలో ఆగింది. ఆయన పదవిలోకి వచ్చి అప్పటికి 69 రోజులు. 2024 జూలై 13న పెన్సిల్వేనియాలోని బట్లర్‌లో ట్రంప్ చెవికి తగిలిన గుండు ఇంకొంచెం పక్కకు వచ్చి ఉంటే ఏమయ్యేదో చెప్పటానికి వైద్య పట్టా అక్కరలేదు. పోనీ తుపాకులను వదిలేద్దాం. బైడెన్ 2021లో 78 ఏళ్ళ వయసులో ప్రమాణం చేశాడు. 2025 జనవరి 20న ప్రమాణం చేసిన నాటికి ట్రంప్ వయసూ 78, బైడెన్ కంటే కొన్ని నెలలు ఎక్కువే. ఆ వయసు రోగి మా దగ్గరికొస్తే వచ్చే నాలుగేళ్ళ గురించి మేము ఎంత జాగ్రత్తగా మాట్లాడతామో, ఓటు వేసేటప్పుడూ అంత జాగ్రత్తగా ఆలోచించాలి.

మనలో చాలామందికి ఈ విషయం ఎందుకు పట్టదో మాకు తెలుసు. మన మనసులో ఉన్న బొమ్మ ఇండియా ఉపరాష్ట్రపతిది. రాధాకృష్ణన్ గారు 1952 నుంచి పదేళ్ళు ఆ పదవిలో ఉండి రాజ్యసభకు అధ్యక్షత వహించారు. మర్యాద గల పదవి, పెద్దమనిషి పదవి. 1969 మే 3న జాకిర్ హుస్సేన్ గారు పోయినప్పుడు మన వి.వి. గిరి గారు తాత్కాలిక రాష్ట్రపతి అయ్యారు. కాని ఆ తాత్కాలికం అనే మాటలోనే ఉంది అసలు తేడా. అక్కడ ఆరు నెలల లోపల కొత్త ఎన్నిక జరిగి తీరాలి. గిరి గారు కూడా జూలైలో రాజీనామా చేసి, పోటీ చేసి, గెలిచి మరీ ఆ కుర్చీలో కూర్చున్నారు. పైగా అక్కడ ప్రభుత్వం నడిపేది ప్రధానమంత్రి. ఇక్కడ అలా కాదు. అధ్యక్షుడు పోతే మిగిలిన కాలమంతా రెండో మనిషిదే. మళ్ళీ ఎవరినీ అడగరు. సైన్యం, ఖజానా, అణ్వాయుధాలు అన్నీ ఆ క్షణంలోనే చేతులు మారతాయి. టైలర్ ఉపాధ్యక్షుడుగా ఉన్నది ఒక్క నెల, ఆండ్రూ జాన్సన్ 42 రోజులు, ట్రూమన్ 82 రోజులు. ముగ్గురూ ఆ పదవీకాలంలో మిగిలిన దాదాపు నాలుగేళ్ళూ పాలించారు. ఓటర్లు ఎన్నుకున్నది ఒకరిని, ఏలినవారు మరొకరు.

ఇక తూకం చూసి మనిషిని తెచ్చుకుంటే ఏమవుతుందో చూడండి. 1864లో లింకన్ రెండోసారి పోటీ చేస్తున్నాడు. అప్పటి ఉపాధ్యక్షుడు మెయిన్ రాష్ట్రపు హామ్లిన్, బానిసత్వానికి బద్ధ విరోధి. ఆయన్ను పక్కన పెట్టి టెనెసీ డెమొక్రాట్ ఆండ్రూ జాన్సన్‌ను తెచ్చారు. కారణం ఒక్కటే, అవతలి పార్టీ ఓట్లు నాలుగు రాలతాయని. 1865 మార్చి 4న ఆయన తప్పతాగి వచ్చి ప్రమాణ స్వీకార ప్రసంగం చేశాడు. ఏప్రిల్ 15న అధ్యక్షుడయ్యాడు. బానిసత్వం నుంచి బయటపడిన నల్లవారికి పౌరహక్కులిచ్చే 1866 చట్టాన్ని వీటో చేశాడు. కాంగ్రెసు ఆ వీటోను తోసిపుచ్చవలసి వచ్చింది. 14వ సవరణను ఎదిరించాడు. 1868లో అభిశంసన నుంచి ఒక్క ఓటు తేడాతో బయటపడ్డాడు. ఈ దేశంలో పుట్టినవారికి పౌరసత్వమిచ్చే వాక్యం ఆ 14వ సవరణలోనిదే. మన పిల్లల పుట్టిన రోజు కేకులు కోసేటప్పుడు ఒకసారి తలుచుకోదగ్గ సంగతి ఇది. నాలుగు ఓట్ల కోసం చేసిన ఆ ఎంపికకు దక్షిణాది నల్లజాతి తరాలు చెల్లించిన మూల్యాన్ని ఏ తూకపు రాయితో తూస్తారు?

రెండో కేసు మా వృత్తికి దగ్గరిది. 1944 మార్చి చివర బెథెస్డా నేవీ ఆసుపత్రిలో హోవర్డ్ బ్రూయెన్ అనే యువ గుండె డాక్టరు రూజ్వెల్ట్‌ను పరీక్షించాడు. రక్తపుపోటు 186/108. గుండె పెరిగి ఉంది, ఎడమ వైపు నీరసించింది, ఊపిరితిత్తులలో నీటి చప్పుడు. ఆనాటికి రక్తపుపోటుకు చెప్పుకోదగ్గ మందు లేదు. డిజిటాలిస్ ఇచ్చారు, ఉప్పు తగ్గించారు, విశ్రాంతి తీసుకోమన్నారు. జనంతో మాత్రం అధ్యక్షుడి ఆరోగ్యం బ్రహ్మాండంగా ఉందని ఆయన సొంత వైద్యుడు మెకింటైర్ చెబుతూ వచ్చాడు. ఆ మెకింటైర్ చెవి, ముక్కు, గొంతు నిపుణుడు! ఆ జూలైలో చికాగో కన్వెన్షన్‌కు ముందు శ్వేత సౌధంలో కొద్దిమంది పార్టీ పెద్దలు భోజనానికి కూర్చుని, ఉపాధ్యక్షుడు వాలెస్‌ను తీసేసి సెనేటర్ ట్రూమన్‌ను పెట్టాలని తేల్చారు. తాము రెండో మనిషిని కాదు, రాబోయే అధ్యక్షుడినే ఎంచుతున్నామని అక్కడున్న వారికి తెలుసు. తెలియనిది ఓటర్లకే.

తరువాత ఏం జరిగిందో అందరికీ తెలుసు. 1945 ఏప్రిల్ 12న రూజ్వెల్ట్ మెదడులో నరం చిట్లి పోయాడు. ఉపాధ్యక్షుడిగా ఉన్నన్నాళ్ళూ ట్రూమన్‌కు అణుబాంబు సంగతి ఎవరూ చెప్పలేదు. యుద్ధమంత్రి స్టిమ్సన్ ఆయన్ను కూర్చోబెట్టి పూర్తి వివరాలు చెప్పింది ఏప్రిల్ 25న. ప్రపంచంలో అంతకు ముందెన్నడూ లేని ఆయుధం గురించి నిర్ణయం తీసుకోవలసిన మనిషికి, దాని గురించి ఆలోచించటానికి దొరికినవి మూడున్నర నెలలు. బ్రూయెన్ ఆ 186/108 అంకెను వైద్య పత్రికలో అచ్చు వేసింది 1970లో. ఒక రోగి రక్తపుపోటు ఎంతో ఆయనకు ఓట్లేసిన దేశానికి తెలియటానికి పాతికేళ్ళు పట్టింది.

“ట్రూమన్ బాగానే నెగ్గుకొచ్చాడు కదా?” అంటారు. నిజమే. 1880లో ఆర్థర్‌ను కూడా ఒక ముఠాను చల్లార్చటానికే పెట్టారు. తీరా అధ్యక్షుడయ్యాక ఆ ముఠా రాజకీయాలకే అడ్డుకట్ట వేసే ఉద్యోగ నియామకాల చట్టం మీద 1883లో సంతకం చేశాడు. థియొడోర్ రూజ్వెల్ట్‌ను న్యూయార్కు నుంచి వదిలించుకోవటానికి 1900లో ఉపాధ్యక్ష పదవికి తోశారు. ఆయన గొప్ప అధ్యక్షుల్లో ఒకడయ్యాడు. ఒప్పుకుంటాం. కాని మందు వేయకుండా న్యుమోనియా తగ్గిన రోగులు కూడా ఉన్నారు. అందుకని మందులు మానేస్తామా? అదృష్టాన్ని పద్ధతి అనకూడదు.

పోవటం ఒక్కటే కాదు, పడిపోవటం కూడా ఉంది. 1919 అక్టోబరులో విల్సన్‌కు పక్షవాతం వచ్చింది. ఆయన భార్య, ఆయన వైద్యుడు గ్రేసన్ కలిసి ఆ సంగతి మరుగున పెట్టారు. ఉపాధ్యక్షుడు మార్షల్‌కు ఎవరూ సరిగా చెప్పలేదు, ఆయనా కల్పించుకోలేదు. దాదాపు 17 నెలలు దేశం అలాగే నడిచింది. ఈ లోపాన్ని పూడ్చటానికి 1967లో 25వ సవరణ వచ్చింది. దాని ప్రకారం అధ్యక్షుడు విధులు నిర్వహించలేని స్థితిలో ఉన్నాడని ఉపాధ్యక్షుడు, మంత్రివర్గంలో సగం మందికి పైగా కలిసి చెప్పవచ్చు. ఈ వాక్యాన్ని వైద్యుడి కంటితో చదవండి. రోగి తన రోగాన్ని ఒప్పుకోనప్పుడు “అయ్యా, ఇక మీ వల్ల కాదు” అని చెప్పవలసిన మనిషి ఉపాధ్యక్షుడు. అలాంటి మనిషిని ఎంపిక చేసేది ఎవరు? ఆ రోగే! దేన్ని చూసి? విధేయతను చూసి! ఎన్నడూ ఎదురు చెప్పడని నమ్మకం కుదిరిన తరువాతే చేయి పట్టుకుని వేదిక ఎక్కిస్తాడు. ఆపద వేళ ఎదురు చెప్పవలసిన ఉద్యోగానికి ఎదురు చెప్పకపోవటం అర్హత ఎలా అవుతుందో మాకు బోధపడలేదు.

తొందర వల్ల వచ్చే చేటుకు 1972 ఉదాహరణ. మయామీ బీచ్‌లో మెక్‌గవర్న్ నామినేషన్ గెలిచిన మర్నాడు, ఒకరి తరువాత ఒకరు కాదన్నాక, చివరి గంటల్లో సెనేటర్ ఈగల్టన్‌ను ఎంచాడు. 18 రోజులకు ఆయన్ను తప్పించవలసి వచ్చింది. మానసిక కుంగుబాటుతో ఆయన 1960, 1966 మధ్య మూడుసార్లు ఆసుపత్రిలో చేరాడని, రెండుసార్లు కరెంటు చికిత్స తీసుకున్నాడని బయటపడటమే కారణం. ఇక్కడ మా మాట చాలామంది మాటకు భిన్నం. తప్పు ఆ జబ్బులో లేదు, ఆ చికిత్సలో అసలే లేదు. చికిత్స చేయించుకుని కోలుకున్న మనిషి ఆయన. 1987 దాకా సెనేటులో పని చేశాడు. తప్పు ఆ ఎంపిక గంటల్లో జరగటంలో ఉంది. ఆరు వారాలు వ్యవధి ఉంటే ఆయన వైద్యులతో మాట్లాడి, ఆయన పరిస్థితేమిటో తెలుసుకుని, ఉంచటమో మానటమో నిబ్బరంగా చేసేవారు. అలా కాక దేశమంతటి ముందూ ఒక రోగిని రోగం పేరుతో వీధిన పడేశారు. పిచ్చాసుపత్రి మాట బయటికొస్తే పెళ్ళి సంబంధాలు చెడతాయని మన ఇళ్ళల్లో కుంగుబాటును ఎలా దాచిపెడతామో, మందులు మాన్పిస్తామో, దాని ఫలితాలేమిటో మేము చూస్తూనే ఉన్నాం. ఈగల్టన్ ఉదంతం ఆ దాపరికానికి దేశవ్యాప్తంగా ఇంకొక గొళ్ళెం బిగించింది.

కొన్నిసార్లు సరిగా చేసిన సందర్భాలూ ఉన్నాయి. 1976లో కార్టర్‌కు ముందుగానే నామినేషన్ ఖాయమైంది. దొరికిన వారాలను వృథా చేయకుండా, కొందరిని జార్జియాలోని తన ఊరు ప్లెయిన్స్‌కు పిలిపించి కూర్చుని మాట్లాడాడు, ఆస్తులు, ఆరోగ్యం, గతం అన్నీ ఆరా తీయించాడు. చివరికి మాండేల్‌ను ఎంచుకున్నాడు. గెలిచాక శ్వేత సౌధపు వెస్ట్ వింగ్‌లోనే గది ఇచ్చాడు, తాను చూసే రహస్య పత్రాలు చూడనిచ్చాడు, వారానికొకసారి ఇద్దరే కూర్చుని భోజనం చేశారు. ట్రూమన్‌కు బాంబు సంగతి తెలియని దేశంలో ఇది చిన్న మార్పు కాదు. 1976లో చేయగలిగినది తరువాత ఎందుకు చేయరు?

చేయలేదు మరి. 2000లో బుష్ ఉపాధ్యక్ష అభ్యర్థిని వెతికిపెట్టమని చెనీకి అప్పగించాడు. చివరికి తేలిన అభ్యర్థి చెనీయే! పెళ్ళి సంబంధం చూడమని పంపిన పేరయ్యే పీటలెక్కినట్లయింది. అప్పటికే ఆయనకు మూడుసార్లు గుండెపోటు వచ్చింది. ఆ నవంబరులోనే నాలుగోది వచ్చింది. 2008లో మెకెయిన్ వయసు 72, చర్మ కాన్సరు చరిత్ర ఉంది. తన వైద్య పత్రాలు 1,173 పేజీలు మూడు గంటల పాటు పత్రికల వాళ్ళకు చూపించాడు. మంచిదే. అంత వైద్య చరిత్ర ఉన్న మనిషి, తనకు సరిగా పరిచయం లేని, గవర్నరుగా రెండేళ్ళయినా పూర్తికాని పేలిన్‌ను ఆగస్టు చివరి వారంలో తెచ్చి నిలబెట్టాడు. 2020లో బైడెన్ మార్చిలోనే “స్త్రీనే ఎంచుతాను” అని ప్రకటించాడు. స్త్రీలు రావాలి, ఎప్పుడో రావలసింది. మా ఆక్షేపణ అది కాదు. మొదటి ప్రశ్న పని గురించి ఉండి, ఆ తరువాత స్త్రీని ఎంచి ఉంటే, ఆమె గౌరవం ఇంకా పెరిగేది. తూకం కోసం తెచ్చారని అనే నోళ్ళు మూతపడేవి.

ఆ ఎంపిక ఎంత దూరం వెళ్ళిందో చూడండి. 2021 నవంబరు 19న కొలనోస్కోపీ కోసం బైడెన్‌కు మత్తు ఇచ్చినప్పుడు 85 నిమిషాల పాటు అధ్యక్ష అధికారాలు హారిస్‌వి. 2024 జూలై 21న బైడెన్ పోటీ నుంచి తప్పుకున్నాడు. ఏ ప్రైమరీలోనూ తన పేరిట ఒక్క ఓటూ అడగకుండానే ఆ ఏడాది ఆమె పార్టీ అభ్యర్థి అయింది. 2020లో ఒక్క మనిషి చేసిన నిర్ణయం 2024లో ఒక పార్టీ మొత్తానికి అభ్యర్థిని ఇచ్చింది. ఇది కొత్తేమీ కాదు. 1960లో నిక్సన్, 1968లో హంఫ్రీ, 1984లో మాండేల్, 1988లో పెద్ద బుష్, 2000లో గోర్, వీళ్ళందరూ ఉపాధ్యక్షులుగా ఉండటం వల్లనే అభ్యర్థులయ్యారు. మొదటి కుర్చీకి యాభై రాష్ట్రాల్లో నెలల తరబడి వడపోత. రెండో కుర్చీకి ఒక హోటలు గదిలో ఒక్క మనిషి ఇష్టం. రెండో కుర్చీ నుంచి మొదటి కుర్చీకి తలుపు తెరిచే ఉన్నా మనం పట్టించుకోం.

తూకపు వాదులు ఒక గట్టి మాట చెబుతారు. “గెలవకపోతే పాలించటమే ఉండదు, టెక్సాస్ కోసం కెనెడీ లిండన్ జాన్సన్‌ను తెచ్చుకోకపోతే 1960లో గెలిచేవాడా?” అని. సరే, టెక్సాస్ వచ్చింది. మరి 1988లో బెంట్సెన్‌ను పెట్టుకున్నా టెక్సాస్ రాలేదు. 2004లో ఎడ్వర్డ్స్ వల్ల నార్త్ కరొలైనా రాలేదు. 2012లో రయన్ వల్ల విస్కాన్సిన్ రాలేదు. ఈ మందు ఒక రోగికి పని చేసి ముగ్గురికి పని చేయలేదంటే మేమైతే చీటీ మీద రాయం. పైగా 1960 కథలో అసలు నీతి వేరే ఉంది. టెక్సాస్ ఓట్ల అవసరం ఆ నవంబరుతో తీరిపోయింది. 1963 నవంబరు 22 తరువాత దేశానికి పనికొచ్చింది, సెనేటులో మెజారిటీ నాయకుడుగా జాన్సన్ నేర్చిన పనితనం. ఆ పనితనంతోనే 1964లో పౌరహక్కుల చట్టం తెచ్చాడు. 1965 అక్టోబరు 3న దేశాల వారీ కోటాలు ఎత్తివేసే వలస చట్టం మీద సంతకం చేశాడు. అంతకు ముందు ఇండియా మొత్తానికి ఏడాదికి ఒక వంద వీసాలు ఉండేవి. ఈ పత్రిక చదువుతున్న ఇళ్ళలో చాలా ఇళ్ళు ఇక్కడ వెలిసింది ఆ సంతకం పుణ్యమే. పక్క పీట మీద కూర్చోబెట్టిన మనిషి మన జాతకాలు మార్చాడు. ఇంకా ఆ పీట సంగతి మనకు పట్టదా?

ఇప్పుడు మన సంగతి. 2024 వేసవిలో మన వాళ్ళ విందుల్లో, ఫోన్లలో నడిచిన చర్చ తలుచుకుంటే మాకు సిగ్గేసింది. జూలై 15న ట్రంప్ వాన్స్‌ను ఎంచుకోగానే ఆయన భార్య ఉషా చిలుకూరి పూర్వీకుల ఊరు, తణుకు దగ్గర వడ్లూరు, ఒక్క రోజులో అందరి నోటా పడింది. “ఆంధ్రా అల్లుడు” అన్నారు. ఆమె చదువుకున్న మనిషి, సుప్రీం కోర్టు ప్రధాన న్యాయమూర్తి దగ్గర పని చేసిన న్యాయవాది. మన ఇంటి పేరు ఆ వేదిక మీద వినపడితే సంతోషం వేయటం సహజం. మాకూ వేసింది. అవతలి పక్షం వాళ్ళు ఊరుకున్నారా? “మా ఆవిడ మద్రాసు శ్యామలా గోపాలన్ కూతురు” అన్నారు. ఇక మన సంఘాల్లో రెండు జట్లు. పప్పు ఆవకాయ ఒక పక్క, ఇడ్లీ సాంబారు ఒక పక్క! 39 ఏళ్ళ వయసులో, సెనేటులో ఏడాదిన్నర అనుభవంతో వచ్చిన వాన్స్ 78 ఏళ్ళ మనిషి బాధ్యతను రాత్రికి రాత్రి మోయగలడా అని అడిగినవారెందరు? హారిస్ రెండు వారాల్లో ఎంచిన వాల్జ్ విదేశాంగం ఏపాటి ఎరుగుననీ అడగలేదు, ఎందుకంటే ఆయన భార్యది మన ఊరు కాదు! మోయగలరనే జవాబు రావచ్చు. రెండు పక్షాల్లో ఎవరికి ఓటు వేయాలో మేము చెప్పటం లేదు. ప్రశ్నే వేయకపోవటం మీదే మా కోపం.

మీ నాన్నగారికి గుండె ఆపరేషన్ అయింది. ఆయన్ను చూసే డాక్టరు సెలవు మీద పోతూ “నా బదులు వచ్చే ఆయన భార్యది మీ తాలూకాయే” అంటే మీకు తృప్తేనా? ఆయన ఇటువంటి కేసులు చూశాడా, రాత్రి రెండింటికి పిలిస్తే వస్తాడా, అసలు డాక్టరు ఫైలంతా అతనికి అప్పజెప్పాడా అని నిలదీస్తారు. తాలూకా మాట తరువాత కాఫీ వేళకు మాట్లాడుకుంటారు. ఇంట్లో ఒక్క ప్రాణం విషయంలో మనకున్న ఈ ఇంగితం ముప్పై కోట్లు దాటిన జనం విషయంలో ఎటు పోతుంది? ఊళ్ళో ఉన్నప్పుడు కులం చూసి ఓటు వేస్తారని మనం ఎవరిని వెక్కిరించామో, సముద్రం దాటి వచ్చి వాళ్ళ పనే ఇంకొంచెం ఖరీదైన సూటు వేసుకుని చేస్తున్నాం.

ఊరికే తిట్టి పోవటం మా ఉద్దేశం కాదు. మాకు తోచినవి మూడు.

మొదటిది వ్యవధి. కన్వెన్షన్‌కు నెల రోజుల ముందే పరిశీలనలో ఉన్న ముగ్గురు నలుగురి పేర్లు బయట పెట్టాలి. పార్టీ డెలిగేట్లు, పత్రికలు వాళ్ళను ప్రశ్నించాలి. 1956లో స్టీవెన్సన్ తన రెండో మనిషిని కన్వెన్షన్‌నే ఎన్నుకోమన్నాడు; డెలిగేట్లు పోటీ పెట్టి, కెనెడీని కాదని కెఫావర్‌ను ఎన్నుకున్నారు. ఆకాశం ఏమీ విరిగి పడలేదు.

రెండోది ఆరోగ్యం. పదవి కోరే ఇద్దరూ తమ జీతగాళ్ళు కాని వైద్యుల చేత పరీక్ష చేయించుకుని, పని చేయగల శక్తి గురించి నివేదిక ఇవ్వాలి. రోగి రహస్యం కాపాడటం మా ధర్మం. ఎవరి గదిలోని మాటలూ వీధిలోకి రానక్కరలేదు. కాని మెకింటైర్లు, గ్రేసన్లు తమ యజమాని కోసం దేశానికి అబద్ధం చెప్పిన వృత్తి మాది. అందుకే ఈ మాట అడిగే బాధ్యత అందరికంటే ముందు డాక్టర్లమైన మాదే.

మూడోది మన చేతిలోనే ఉంది. ఎన్నికల ఏడు వచ్చేసరికి మన హాళ్ళలో చందాల విందులు మొదలవుతాయి. అభ్యర్థి తరఫు మనిషి వచ్చి నమస్తే అని రెండు చేతులూ జోడిస్తాడు. మనం మురిసిపోయి చెక్కు రాస్తాం, భుజం మీద చెయ్యి వేయించుకుని ఫొటో దిగుతాం. ఈసారి చెక్కు రాసే ముందు మూడు మాటలు అడగండి. మీ నాయకుడు రేపు లేకపోతే ఈ రెండో మనిషి ఎల్లుండి ఏం చేయగలడు? నాయకుడు తప్పు చేస్తుంటే ఈ మనిషి ఎప్పుడైనా కాదన్న దాఖలా ఉందా? గెలిచాక ఈ మనిషికి రహస్యాలన్నీ చెబుతారా, లేక ట్రూమన్‌ను కూర్చోబెట్టినట్లు బయట కూర్చోబెడతారా?

ఈ మూడింటికి సరైన జవాబు వస్తే చెక్కు ఇవ్వండి, ఫొటో దిగండి, ఆ మనిషి భార్యదో భర్తదో ఊరి పేరు కూడా అడగండి. రాకపోతే, వడ్లూరు వాళ్ళయినా, మన వీధి వాళ్ళయినా, ఆ చెక్కు పుస్తకం తిరిగి జేబులో పెట్టుకోండి.